ఏ బ్రెడ్డు తినమంటావక్కా?

చెల్లీ, ఈ మాట అడిగేది నువ్వొక్కదానివే కాదు. పొద్దున్నే రెండు ముక్కలు బ్రెడ్డు తిని బయల్దేరితే పదకొండింటికల్లా పొట్ట బిగుసుకుపోతోందని ఒకరు, నాడా వదులు చేసుకుంటే గానీ ఆఫీసు కుర్చీలో కూర్చోలేకపోతున్నానని ఇంకొకరు, తెల్ల బ్రెడ్డు మానేసి బ్రౌన్ బ్రెడ్డుకు మారినా ఫలితం లేదని మరొకరు. అందరూ చివరికి అడిగేది ఒకటే: "ఏ కంపెనీది కొనమంటావక్కా?" కంపెనీ పేరు చెప్పి ఊరుకోవడం నాకు మనసొప్పదు. నీ కడుపుకు పడనిది ఏమిటో తెలుసుకోకుండా ప్యాకెట్లు మారుస్తూ పోతే డబ్బులు పోతాయి, బాధ అక్కడే ఉంటుంది. కాస్త తీరిక చేసుకుని కూర్చో, మొదటినుంచీ చెప్పుకుందాం.

మన ఇళ్లలోకి బ్రెడ్డు పథ్యంగా వచ్చింది. జ్వరం వస్తే పాలూ బ్రెడ్డూ. ఆస్పత్రిలో ఉన్నవాళ్లను చూడ్డానికి వెళ్తే చేతిలో బ్రెడ్డు ప్యాకెట్టూ, బత్తాయిలూ. డబల్ రొట్టె అని పిలుచుకునే తెలంగాణ ఇళ్లలోనూ ఇదే అలవాటు. అందుకే బ్రెడ్డంటే ఎవరికైనా అరిగేదని మన మనసులో నాటుకుపోయింది. చాలామందికి అది నిజమే. మెత్తగా ఉంటుంది, పీచు తక్కువ, నూనె తక్కువ. కానీ పాలలో ముంచుకు తిన్న బ్రెడ్డు పడకపోతే ముందు పాలను అనుమానించు. పాలలో ఉండే లాక్టోజ్ అనే చక్కెరను అరిగించుకునే శక్తి మన దక్షిణాదిలో చాలామందికి పెద్దయ్యేకొద్దీ తగ్గిపోతుంది. గ్లాసుడు పాలు తాగిన గంటా రెండు గంటలకు పొట్టలో గుడగుడ, గ్యాసు, ఒక్కోసారి విరేచనం. బ్రెడ్డు పక్కనే ఉంది కాబట్టి నింద దాని మీద పడుతుంది. కొన్నాళ్లు పాలు లేకుండా అదే బ్రెడ్డు తిని చూడు. తేడా తెలిసిపోతే నీకు బ్రెడ్డు మార్చాల్సిన పనే లేదు.

పాలు కాదని తేలాక, రోజు మొత్తంలో గోధుమ ఎన్ని రూపాల్లో నీ పళ్లెంలోకి వస్తోందో చూసుకో. పొద్దున బొంబాయి రవ్వ ఉప్మా, సాయంత్రం టీతో బిస్కెట్లు, రాత్రికి చపాతీలు. షుగరు వచ్చిందనో, బరువు తగ్గాలనో రాత్రి అన్నం మానేసి చపాతీలకు మారిన ఇళ్లు మన దగ్గర లెక్కలేనన్ని. మూడు చపాతీలకు పట్టే పిండి, రెండు బ్రెడ్డు ముక్కల్లో ఉండే పిండికి రెండింతల పైమాటే. పైగా చపాతీ పిండి పులియకుండానే, కలిపిన అరగంటకే పెనమెక్కుతుంది. పులియడం ఎందుకు ముఖ్యమో తర్వాత చెబుతాను. రాత్రి తిన్న చపాతీల ఉబ్బరం తెల్లారేదాకా ఉండి, పొద్దున బ్రెడ్డు తినగానే బయటపడవచ్చు. కాబట్టి ఉప్మా, చపాతీ, బ్రెడ్డు మూడూ నిన్ను ఇబ్బంది పెడుతున్నాయా, బ్రెడ్డు ఒక్కటేనా అన్నది ముందు తేల్చుకో. ఉప్మా హాయిగా అరిగి, బ్రెడ్డు మాత్రమే పడకపోతే కారణం గోధుమ కాకపోవచ్చు. బ్రెడ్డులో కలిపినదో, దాని మీద రాసుకున్నదో అయ్యుంటుంది. మూడూ పడకపోతే గోధుమ వైపే చూడాలి.

గోధుమ అనగానే ఇప్పుడు అందరి నోటా గ్లూటెన్ మాటే. అది గోధుమలోని మాంసకృత్తు. పిండి సాగడానికీ, పొంగినప్పుడు గాలి బయటికి పోకుండా పట్టి ఉంచడానికీ అదే ఆధారం. గ్లూటెన్ నిజంగా హాని చేసే జబ్బు ఒకటుంది, దాని గురించి తర్వాత వివరంగా చెబుతాను. కానీ ఊరికే పొట్ట ఉబ్బి బాధపడేవాళ్లలో చాలామందికి గోధుమలో పడనిది మరొకటి. దాని పేరు ఫ్రక్టాన్. ఇది మాంసకృత్తు కాదు, చక్కెరలు గొలుసుకట్టుగా చేరిన పిండిపదార్థం. గోధుమ, రై, బార్లీలలో ఉంటుంది. మనం రోజూ వాడే ఉల్లిపాయ, వెల్లుల్లిలోనూ ఉంటుంది. దీన్ని విడగొట్టే ఎంజైము మనిషి పేగుల్లో ఎవరికీ లేదు. అలాగే పెద్దపేగుకు చేరుతుంది, అక్కడి సూక్ష్మజీవులు దాన్ని తిని గ్యాసు పుట్టిస్తాయి. ఇది నీకూ నాకూ అందరికీ జరిగేదే, ఆ సూక్ష్మజీవులకు మంచి ఆహారం కూడా. పేగుల నరాలు సున్నితంగా ఉన్నవాళ్లకు మాత్రం ఆ కాస్త గ్యాసుకే నొప్పి, బిగింపు తెలుస్తాయి. "అందరూ తింటున్నారుగా, నీకొక్కదానికే ఏమిటి?" అని ఇంట్లో ఎవరైనా అంటే నొచ్చుకోకమ్మా. నీ బాధ ఊహ కాదు, దానికి కారణం ఉంది.

ఇలా అరగకుండా పెద్దపేగుకు చేరి పులిసే చక్కెరలన్నిటినీ కలిపి ఫాడ్‌మ్యాప్ అంటారు. ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ నగరంలోని మోనాష్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2005లో ఈ పేరు వాడుకలోకి తెచ్చారు. తర్వాత నార్వే పరిశోధకులు చేసిన ఒక పరీక్ష 2018లో అచ్చయింది. గ్లూటెన్ పడదని తమంతట తామే మానేసిన 59 మందిని తీసుకున్నారు, వాళ్లకు సీలియాక్ జబ్బు లేదని ముందే తేల్చుకున్నారు. పైకి ఒకేలా ఉండే మూడు రకాల బార్లు వారానికొక రకం చొప్పున తినిపించారు. ఒకదాంట్లో గ్లూటెన్, ఒకదాంట్లో ఫ్రక్టాన్, ఒకదాంట్లో రెండూ లేవు. ఏ వారం ఏది తింటున్నారో వాళ్లకు తెలియదు. బాధ ఎక్కువైంది ఫ్రక్టాన్ తిన్న వారంలో. గ్లూటెన్ తిన్న వారానికీ, ఏదీ లేని వారానికీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఏళ్ల తరబడి గ్లూటెన్‌ను తిట్టుకుంటూ వచ్చినవాళ్ల సంగతి ఇది!

ఇది తెలిస్తే మనకేమిటి లాభమంటావా? చాలా ఉంది. గోధుమ బ్రెడ్డు నుంచి గ్లూటెన్‌ను ఇంట్లో తీసేయలేం. ఫ్రక్టాన్‌ను మాత్రం తగ్గించవచ్చు, అందుకు కావలసింది సమయం. ఇడ్లీపిండిని రాత్రంతా పులియబెట్టాక మినప్పప్పు ఎలా తేలిగ్గా అరుగుతుందో, గోధుమపిండి సంగతీ అంతే. పిండిలో ఈస్టూ, పులుపు పుట్టించే బ్యాక్టీరియా ఆ ఫ్రక్టాన్‌ను తమ ఆహారంగా తినేస్తాయి. మన పేగుల్లో జరగాల్సిన పులియడం ముందే గిన్నెలో జరిగిపోతుంది. జర్మనీలోని హోహెన్‌హైమ్ విశ్వవిద్యాలయం వాళ్లు దీన్ని కొలిచి 2016లో ప్రకటించారు. పిండి కలిపిన గంటకు ఈ చక్కెరలు అత్యధికంగా ఉన్నాయి. నాలుగు గంటలు దాటేసరికి పదోవంతుకు పడిపోయాయి. ఆ గంట దగ్గరే పొయ్యిలో పెట్టిన రొట్టెకూ, ఆగి కాల్చిన రొట్టెకూ ఎంత తేడానో చూడు. చూడ్డానికి రెండూ ఒకలాగే ఉంటాయి.

మరి మనం కొనే బ్రెడ్డు ఎంతసేపు ఆగి వస్తోంది? పూర్వం బ్రెడ్డు చేసేవాళ్లు రాత్రి పిండి కలిపి తెల్లవారుజామున కాల్చేవాళ్లు. గోవాలో పిండి పొంగడానికి కల్లు కలిపేవారు, అదీ నెమ్మదిగా జరిగే పనే. 1961లో ఇంగ్లండులో చోర్లీవుడ్ అనే ఊళ్లోని బేకింగ్ పరిశోధన సంస్థ ఒక పద్ధతి కనిపెట్టింది. పిండిని యంత్రంలో అతి వేగంగా కలిపి, ఈస్టు ఎక్కువ వేసి, కొన్ని మందులు చేర్చి, గంటల తరబడి పులియబెట్టే దశనే ఎత్తేశారు. పిండి బస్తా విప్పిన మూడున్నర గంటల్లో బ్రెడ్డు ప్యాకెట్టులోకి చేరిపోతుంది. చవగ్గా, మెత్తగా, ఏ రోజు చూసినా ఒకేలా ఉండే బ్రెడ్డు పేదవాడికి కూడా అందిందంటే ఇలాంటి తొందర పద్ధతుల వల్లే, ఆ మేలు కాదనను. కానీ సున్నితమైన పేగులున్నవాళ్లకు కావలసిన ఆ నాలుగు గంటలు అందులోంచి పోయాయి.

అందుకని నా మొదటి సలహా విను. బ్రెడ్డు రంగు చూడకు, ఎంతసేపు పులిసిందో అడుగు. హైదరాబాదు, విజయవాడ, విశాఖలాంటి ఊళ్లలో సావర్‌డో చేసే చిన్న బేకరీలు ఇప్పుడు కనిపిస్తున్నాయి, ఇళ్లలో చేసి అమ్మే ఆడవాళ్లూ ఉన్నారు. ఈస్టు పొట్లం లేకుండా, రోజూ పిండీ నీళ్లూ పోసి బతికించుకునే పులుపుతో చేసేది సావర్‌డో. "ఎన్ని గంటలు ఉంచుతారండీ?" అని మొహమాటపడకుండా అడుగు. నిజంగా చేసేవాళ్లు ఆ ప్రశ్నకు మురిసిపోతారు, పన్నెండు గంటలో, పద్దెనిమిదో లెక్క చెబుతారు. తడబడితే ఆ బ్రెడ్డుకు అంత ధర పెట్టక్కర్లేదు. అమెరికాలో ఉన్న మన పిల్లలకు ఇది ఇంకా ముఖ్యం. అక్కడి సూపర్‌మార్కెట్లో సావర్‌డో అని అమ్మేవాటిలో కొన్ని మామూలు ఈస్టు బ్రెడ్లే, పులుపు కోసం వెనిగరో, యాసిడ్డో కలిపినవి. వెనకాల పదార్థాల జాబితాలో పిండి, నీళ్లు, ఉప్పు, పులుపు ముద్ద తప్ప మరేమీ లేకపోతే నమ్మవచ్చు.

సావర్‌డో కొనేంత ఖర్చు ఎందుకనుకుంటే ఇంట్లో మామూలు ఈస్టుతో కూడా చేసుకోవచ్చు. అరకిలో పిండికి పావు చెంచా ఈస్టు చాలు. ఉప్పు, సరిపడా నీళ్లు పోసి కలిపి, పైకి లేవడం మొదలుపెట్టాక గిన్నె మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచు. మన ఎండాకాలంలో బయట ఉంచితే నడిరాత్రికే పొంగి కూలిపోతుంది, ఫ్రిజ్‌లో అయితే తెల్లారేదాకా నెమ్మదిగా పులుస్తుంది. పొద్దున కాసేపు బయట పెట్టి ఓవెన్‌లో కాల్చుకోవడమే. చేయి తిరిగేదాకా ఒకటి రెండు రొట్టెలు గట్టిగా వస్తాయి, దానికేం బెంగపడకు.

ఇక ప్యాకెట్టు బ్రెడ్డే కొనాలి, పిల్లల టిఫిన్ డబ్బాకు అదే దిక్కు అంటావా, సరే. అయితే ముందు వైపు బొమ్మలు చూడకుండా వెనక్కి తిప్పు. పదార్థాలు ఏది ఎక్కువో అది ముందు వచ్చేలా రాస్తారు, చాలాచోట్ల శాతం కూడా ఉంటుంది. బ్రౌన్ బ్రెడ్డు అని ఉండి, జాబితాలో మొదట మైదా, చివర్లో క్యారమెల్ రంగు కనిపిస్తే అది రంగేసిన తెల్ల బ్రెడ్డే. మల్టీగ్రెయిన్ అని ఉన్నదాంట్లో పైన చల్లిన గింజలు తప్ప లోపల మైదా ఎంతుందో అక్కడే తెలుస్తుంది. గోధుమపిండి బ్రెడ్డు మెత్తగా రావాలని విడిగా గ్లూటెన్ కలుపుతారు, అదీ రాసి ఉంటుంది. ముఖ్యంగా చూడాల్సిన మాట ఇనులిన్. చికోరీ వేరు పీచు అని కూడా రాస్తారు. పీచు ఎక్కువ, ఆరోగ్యం అంటూ అమ్మే బ్రెడ్లలో ఇది కలుస్తుంది. అది అచ్చంగా ఫ్రక్టానే! ఉబ్బరం పోవాలని ఎక్కువ డబ్బు పెట్టి కొన్న బ్రెడ్డుతోనే ఉబ్బరం పెరిగిందంటే చాలాసార్లు గుట్టు ఇక్కడే ఉంటుంది. సోయాపిండి, తేనె, వెల్లుల్లి పొడి ఉన్నవీ నీకు పడకపోవచ్చు.

"అందులో కలిపే మందుల సంగతేమిటక్కా, క్యాన్సర్ వస్తుందటగా?" అని ఒక చెల్లి భయపడుతూ అడిగింది. ఆ భయం 2016 నాటిది. ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 38 బ్రెడ్డు, బన్ను, పావ్ రకాలు పరీక్షిస్తే నూటికి 84 వాటిలో పొటాషియం బ్రోమేట్ లేదా అయొడేట్ ఆనవాళ్లు దొరికాయి. బ్రోమేట్ క్యాన్సర్ కారకం కావచ్చని అప్పటికే అనుమానం ఉంది. అదే ఏడాది మన దేశంలో బ్రోమేట్‌ను నిషేధించారు. ఇప్పుడు ప్యాకెట్ల మీద కనిపించే 282 అనేది బూజు పట్టకుండా వేసే కాల్షియం ప్రొపియోనేట్, అనుమతి ఉన్నదే. లేబుల్ లేకుండా అమ్మే విడి బ్రెడ్డు కన్నా లేబుల్ ఉన్నది మేలని మాత్రం చెబుతాను. ఏం తింటున్నామో చదువుకునే వీలుంటుంది.

ఇంకో మాట వింటే నీకు ఆశ్చర్యంగా ఉంటుంది. ముడి గోధుమ బ్రెడ్డు అందరికీ మంచిది కాదు. మలబద్ధకం ఒక్కటే ఉన్నవాళ్లకు గోధుమ పొట్టు మేలు చేస్తుంది. కానీ ఐబీఎస్ ఉన్నవాళ్లకు, అంటే కడుపునొప్పి, ఉబ్బరం, ఒకరోజు విరేచనాలు ఒకరోజు మలబద్ధకం అన్నట్టు నడిచే పేగులకు ఆ గరుకు పొట్టు రాపిడిగా ఉంటుంది. బ్రిటన్‌లో వైద్యులకు దారి చూపే నైస్ సంస్థ ఐబీఎస్ మార్గదర్శకాల్లో పొట్టులాంటి కరగని పీచును తగ్గించమనీ, పీచు కావాలంటే నీళ్లలో కరిగేదాన్ని, అంటే ఓట్స్, ఇసబ్‌గోల్‌లాంటివి తీసుకోమనీ చెబుతుంది. కాబట్టి పొట్ట బాగా లేని రోజుల్లో తెల్ల బ్రెడ్డు ముక్క తిన్నందుకు తప్పు చేసినట్టు బాధపడకు. నీ పేగులకు ఆ రోజు అదే మెత్తన. కుదురుకున్నాక నెమ్మదిగా ముడిపిండి వాటా పెంచుకోవచ్చు. నిజానికి మైదాను రాక్షసిని చేసి ఆడవాళ్లను భయపెట్టిన తీరు నాకు నచ్చదు. షుగరు ఉన్నవాళ్లకు దానితో సమస్య వేరు, పేగుల సమస్య వేరు. రెంటినీ కలిపేసి అందరికీ ఒకే పథ్యం రాస్తే ఎలా?

ఇప్పుడు ఇందాక ఆపిన మాట, సీలియాక్ జబ్బు. ఇది నీకు ఉందో లేదో తేలకుండా గోధుమ మానేయకు చెల్లీ, ఇది గట్టిగా చెబుతున్నాను. ఈ జబ్బున్నవాళ్లు గ్లూటెన్ తింటే వాళ్ల రోగనిరోధక వ్యవస్థే చిన్నపేగు లోపలి పొరను దెబ్బతీస్తుంది. తిన్నది ఒంటికి పట్టదు. నెదర్లాండ్స్‌లో హేగ్ నగరంలో విల్లెమ్ డికె అనే పిల్లల డాక్టరు ఉండేవారు. కొందరు పిల్లలకు గోధుమ పడడం లేదని ఆయనకు ముందునుంచే అనుమానం. 1944–45 చలికాలంలో యుద్ధం వల్ల దేశం ఆకలితో అలమటించింది, రొట్టె దొరకలేదు. ఊరంతా చిక్కిపోతుంటే ఆ జబ్బు పిల్లలు కోలుకున్నారు. రొట్టె మళ్లీ రాగానే మళ్లీ మంచం పట్టారు. 1950లో ఆయన తన పరిశోధన గ్రంథంలో గోధుమే కారణమని చూపించారు. ఆ కరువులో తల్లులు పడ్డ బాధ తలుచుకుంటే నా కడుపు తరుక్కుపోతుంది. ఆ బాధలోంచే ఇంతమంది పిల్లలకు దారి దొరికింది.

మన దేశంలో ఈ జబ్బు గోధుమ తినే ఉత్తరాదిన ఎక్కువ. 2016లో అచ్చయిన ఒక పెద్ద సర్వేలో ఉత్తరాదిన నూటికి ఒకరికి పైగా, దక్షిణాదిన వెయ్యికి ఒకరికి కనిపించింది. మనకు అరుదు కాబట్టి డాక్టర్లకూ తొందరగా తట్టకపోవచ్చు. ఆడవాళ్ల విషయంలో నా బెంగ ఇంకోటి. ఈ జబ్బు ఒక్కోసారి పొట్టలో ఏ గొడవా లేకుండా రక్తహీనతగానే బయటపడుతుంది. ఐరన్ మాత్రలు నెలల తరబడి వేసుకున్నా రక్తం పెరగకపోతే, "ఆడదానివి, నెలసరి ఎక్కువవుతోంది కాబోలు" అని సరిపెట్టేస్తారు. నువ్వు సరిపెట్టుకోకు. టీటీజీ అనే రక్తపరీక్ష చేయించమని అడుగు. అవసరమైతే ఎండోస్కోపీ చేసి చిన్నపేగు ముక్క తీసి చూస్తారు. ఈ పరీక్షలు సరిగ్గా రావాలంటే అప్పటిదాకా గోధుమ తింటూ ఉండాలి. ముందే మానేస్తే జబ్బున్నా లేదని రావచ్చు. యూట్యూబ్ చూసి మానేసి, ఆ తర్వాత పరీక్షకు వెళ్తున్న అమ్మాయిలను చూస్తే నాకు అందుకే దిగులు.

సీలియాక్ అని తేలితే ఎంత పులిసిన సావర్‌డో అయినా, పాతకాలపు ఖప్లీ రకం గోధుమ అయినా ముట్టుకోకూడదు. గ్లూటెన్ ఫ్రీ అని రాసినదే కొనాలి. మన ఆహార ప్రమాణాల సంస్థ నియమం ప్రకారం అందులో గ్లూటెన్ కిలోకు 20 మిల్లీగ్రాములు దాటకూడదు. సీలియాక్ లేనివాళ్లు మాత్రం ఈ బ్రెడ్డు కోసం ఎగబడక్కర్లేదు. గ్లూటెన్ లేని లోటు పూడ్చడానికి పిండిగంజి, నూనె, చక్కెర ఎక్కువ కలుపుతారు. కొన్నింట్లో శనగపిండి, ఇనులిన్ కూడా ఉంటాయి, అవి మళ్లీ గ్యాసే. ఈ బ్రెడ్డు విడిపోకుండా పట్టి ఉంచడానికి కలిపే సైలియం మన ఇసబ్‌గోలే. అది మాత్రం మంచిదే.

అసలు గ్లూటెన్ లేని రొట్టె కోసం మనం దుకాణాలు వెతకాలా చెప్పు? జొన్నరొట్టె, సజ్జరొట్టె, రాగిరొట్టె, బియ్యప్పిండి రొట్టె, ఇవేవీ గోధుమ మొహం చూసినవి కావు. తెలంగాణలో, రాయలసీమలో జొన్నరొట్టె తట్టడం వచ్చిన పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. వేడినీళ్లతో పిండి కలిపి, చేత్తో తట్టి, పెనం మీద తడి గుడ్డతో అద్దుతూ కాల్చే ఆ విద్య నేర్చుకో. అయితే సీలియాక్ ఉన్నవాళ్లకు ఒక జాగ్రత్త. జొన్నలు పట్టించిన గిర్నీలోనే అంతకుముందు గోధుమలు పట్టి ఉంటారు, ఆ పిండి ఇందులో కలుస్తుంది. ఇంట్లో చిన్న పిండిమర గానీ, విడిగా పట్టే మిల్లు గానీ చూసుకోవాలి. డబ్బా ఇంగువ కూడా చూడు. మన దగ్గర దొరికే ముద్ద, పొడి ఇంగువల్లో చాలావాటికి మైదానో గోధుమపిండినో కలుపుతారు. చారులో వేసే చిటికెడు ఇంగువతో కూడా సీలియాక్ పిల్లలకు హాని జరగవచ్చు. వంటింట్లో ఎవరికీ తట్టని చోటు ఇది.

ఏ బ్రెడ్డు అన్నది అయింది, ఎంత, దేనితో అన్నది మిగిలింది. ఫ్రక్టాన్ విషం కాదు, మోతాదు దాటితేనే బాధ. ఒక ముక్కకు ఏమీ అనని పొట్ట మూడో ముక్కకు మొరాయిస్తుంది. పొద్దున ఒక ముక్క, దాంతో గుడ్డో, వేరుశనగ ముద్దో తిను. ఉల్లిపాయ ముక్కలు, వెల్లుల్లి కారం, గార్లిక్ బటర్ పెట్టుకుని శాండ్‌విచ్ చేస్తే ఫ్రక్టాన్ మీద ఫ్రక్టాన్ వేసినట్టే. ఉల్లి రుచి కావాలంటే ఉల్లికాడల ఆకుపచ్చ భాగం వాడుకో, అది చాలామందికి పడుతుంది. వెల్లుల్లిని నూనెలో వేయించి ఆ రెబ్బలు తీసేసి నూనె రాసుకున్నా ఫరవాలేదు. ఫ్రక్టాన్ నూనెలోకి దిగదు. టోస్ట్ చేస్తే తేమ పోయి నమలడానికి హాయిగా ఉంటుంది, ఫ్రక్టాన్ మాత్రం తగ్గదు. గుండెల్లో మంట, పుల్లని తేన్పులు ఉన్న పెద్దవాళ్లకు బ్రెడ్డు కన్నా దాని మీద దట్టంగా రాసే వెన్న, పక్కన తాగే చిక్కటి చాయ్ ఎక్కువ ఇబ్బంది. బన్ మస్కా అంటే మీ మామగారికి ప్రాణమైతే మానిపించకు. సాయంత్రం పెందలాడే తినమను, వెన్న కాస్త తగ్గించు, తిన్న వెంటనే పడుకోనివ్వకు.

నీకు సరిపడేది తేల్చుకోవాలంటే ఒకేసారి అన్నీ మార్చకు. ఒక వారం ఒకే రకం బ్రెడ్డు, ఒకే పరిమాణం, ఒకే పూట తిను. రోజు ఎలా గడిచిందో క్యాలెండరు మీద రెండు మాటలు రాసుకో. నెలసరికి ముందు రోజుల్లో ఉబ్బరం ఎలాగూ ఎక్కువే, ఆ రోజులను బ్రెడ్డు లెక్కలో వేయకు. పిల్లల్ని బడికి పంపి, నిలబడే టీతో రెండు ముక్కలు మింగేసి పరిగెత్తే రోజుల్నీ అంతే. ఆ హడావిడిలో గాలి కూడా మింగుతావు, ఏ బ్రెడ్డు అయినా బిగుస్తుంది. పది నిమిషాలు కూర్చుని తినే హక్కు నీకూ ఉందమ్మా, ఆ మాట ఇంట్లో చెప్పుకోవడానికి సంకోచించకు. తగ్గకపోతే ఫాడ్‌మ్యాప్ పథ్యం చేయవచ్చు, కానీ డైటీషియన్ చేతి కిందే చెయ్యి. అన్నీ మానేసేది రెండు నుంచి ఆరు వారాలే, ఆ తర్వాత ఒక్కొక్కటీ తిరిగి తెచ్చుకోవాలి. మానేసినవాటిని మానేసినట్టే వదిలేసి నీరసించిపోయినవాళ్లు ఉన్నారు.

బ్రెడ్డు మిగిలితే ఫ్రిజ్ అరలో పెట్టకు, అక్కడ ఇంకా తొందరగా గట్టిపడుతుంది. ముక్కలుగా ఫ్రీజర్‌లో పెట్టి, కావలసినప్పుడు నేరుగా టోస్ట్ చేసుకో. ఒక అంచున బూజు కనిపిస్తే అంతవరకు తుంచేసి మిగతాది నువ్వు తినడం మాత్రం మానుకో. మెత్తటి బ్రెడ్డులో బూజు దారాలు కంటికి కనపడకుండా లోపలిదాకా పాకి ఉంటాయి. ఇంట్లో అందరికీ తాజాది పెట్టి అలాంటిది మన పళ్లెంలో వేసుకునే అలవాటు మన అమ్మల కాలం నుంచీ ఉంది, మనతో ఆగిపోవాలి.

ఏ బ్రెడ్డు మార్చినా ఆగని లక్షణాలు కొన్నున్నాయి. విరేచనంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, నిద్రలోంచి లేపే విరేచనాలు, తగ్గని రక్తహీనత, మింగడం కష్టం కావడం, యాభై దాటాక కొత్తగా మొదలైన మార్పు, ఇంట్లో ఎవరికైనా పేగు క్యాన్సరో సీలియాకో ఉండడం. వీటిలో ఏది ఉన్నా వంటింటి ప్రయోగాలు ఆపి గ్యాస్ట్రో డాక్టరును కలువు. వెళ్లేటప్పుడు ఆ క్యాలెండరు కాగితం తీసుకెళ్లు, బ్రెడ్డు ప్యాకెట్టు వెనక వైపు ఫొటో కూడా ఫోన్‌లో పెట్టుకో. "గ్యాసండీ" అని ఒక్క మాటతో ఊరుకోకు. ఎప్పుడు మొదలైంది, ఎంతసేపు ఉంటోంది, విరేచనం ఎలా ఉంటోంది, సిగ్గుపడకుండా అన్నీ చెప్పు. ఒంటరిగా వెళ్లడానికి భయమైతే నాకు ఫోన్ చెయ్యి, నేనూ వస్తాను.